గడ్డ ఉంది

జూన్ 9

ఒసే పిడికెడూ,

ముందే చెప్పేస్తున్నా, ఇది తిట్ల ఉత్తరం. రెండు నెలలైంది నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఆ ఎలుకలకి గడియారం చూసి మరీ మేత వేస్తావట, అన్నయ్యకి నాలుగు గీతలు గీకడానికి మాత్రం తీరిక ఉండదు. ఫోన్ చేస్తున్నాను కదా అంటావు. రాళ్లు కోసే మిషను పాతికేళ్లు నా చెవి పక్కనే అరిచింది. ఇప్పుడు నువ్వు "బాగున్నావా" అంటే నాకు "బావి తవ్వావా" అన్నట్టు వినపడుతుంది. మధ్యలో మీ వదిన నుంచుని అరిచి చెబితే పక్కింటివాళ్లు కూడా జవాబు చెబుతున్నారు. ఆ చిన్న తెర మీద అక్షరాలు నా కళ్లకి ఆనవు. నువ్వు హాస్టల్‌కి వెళ్లినప్పట్నుంచీ మనకి ఉత్తరాలే అచ్చొచ్చాయి, అలాగే కానిద్దాం.

ఇక్కడ మూడంతస్తుల బడి కడుతున్నాం. మెట్ల పని మొత్తం నాకు ఒప్పజెప్పారు. గోడ కాస్త అటూ ఇటూ అయినా సున్నం కప్పేస్తుంది కానీ మెట్టు అలా కాదు. ఒక్క మెట్టు అర అంగుళం ఎక్కువైతే ఏళ్ల తరబడి పిల్లలందరూ సరిగ్గా అక్కడే తడబడతారు. అందుకే ఒక్కో మెట్టుకీ మూడుసార్లు కొలుస్తున్నా. కుర్ర మేస్త్రీలు నవ్వుకుంటున్నారు, నవ్వుకోనీ.

ఇంకో సంగతి. పోయిన వారం పరంజా కర్ర ఒకటి జారి నా ఎడమ తొడకి తగిలింది. ఎముకకేం కాలేదు, నడుస్తూనే ఉన్నాను. తొడలో గడ్డ ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. నొప్పేం లేదు. మీ వదిన ఆస్పత్రి, ఆస్పత్రి అని ఒకటే గోల. ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని వీధిలో డాక్టర్ల చుట్టూ తిరగడమేంటే అన్నాను. నువ్వు ఇన్నేళ్లు చదివింది రక్తం గురించే కదా. ఏం చెయ్యాలో రాయి. నువ్వు ఎలా అంటే అలా.

మెట్ల మేస్త్రి,
నీ అన్నయ్య

జూన్ 16

తిట్ల అన్నయ్యకి,

తిట్లన్నీ అందాయి. ఒక్కటి కూడా దారిలో పోలేదు.

ఎన్నిసార్లు చెప్పాలి, నేను మనుషుల డాక్టర్ని కాదని? పేరు ముందు ఉన్న ఆ మాట పరిశోధనకి ఇచ్చింది. మహా అయితే ఎలుకల డాక్టర్ని, అది కూడా ఎలుకలకి నచ్చని డాక్టర్ని. అయినా నువ్వు డాక్టరమ్మా అంటే నాకు లోపల్లోపల గొప్పగానే ఉంటుంది. అందుకని పోట్లాడను.

ఇక నీ తొడ. దెబ్బకి లోపల చిన్న నాళాలు చిట్లి రక్తం గడ్డకట్టింది, అంతే. నువ్వు అడగక అడగక నా పని గురించి అడిగావు కాబట్టి ఇప్పుడు నువ్వు తప్పించుకోలేవు, పూర్తిగా చదవాల్సిందే.

రక్తంలో గడ్డకట్టించే పదార్థాలు కొన్ని నిద్రపోతూ ఉంటాయి. నాళం తెగగానే ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటాయి. అందులో ఒకదాని పేరు త్రాంబిన్. అది లేచిందంటే రక్తంలో కరిగి ఉన్న ఇంకో పదార్థాన్ని సన్నటి పోగులుగా మార్చేస్తుంది. ఆ పోగులు వలలా అల్లుకుంటాయి, కారే రక్తం ఆగిపోతుంది. ఇంతవరకు పాఠం పుస్తకంలోనే ఉంది. నాకు పిచ్చి పట్టించింది ఆ తర్వాత జరిగేది. త్రాంబిన్ అక్కడితో చేతులు కడుక్కోదు. పక్కనున్న మంచి నాళాల్ని గిల్లి కొత్త కొమ్మలు వెయ్యమంటుంది. వాటికి ఎక్కడానికి ఆసరా కావాలి కదా, ఆ పోగుల వలే ఆసరా. మీ పరంజా లాంటిదే అన్నయ్యా! నాళాల కొమ్మలు దాన్ని పట్టుకుని పాకుతూ, గాయమైన చోటికి రక్తం తెస్తాయి. కొత్త కండ పడ్డాక, మీరు కర్రలు విప్పేసినట్టే, ఒళ్లు ఆ వలని మెల్లగా కరిగించేస్తుంది.

నా బల్ల మీద ఇప్పుడు అరచేతిలో పట్టేంత పళ్లెం ఉంది. అందులో పెరుగులా తోడుకున్న గడ్డ. మొన్న సూక్ష్మదర్శినిలో చూస్తే నాళాలు వెంట్రుకల్లా అందులోకి దిగుతున్నాయి. ఏడేళ్లుగా చూస్తున్నా, ఇప్పటికీ చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

కాబట్టి నీ తొడలో ఇప్పుడు నీలాంటి మేస్త్రీలే పనిలో ఉన్నారు. వాళ్లని వదిలెయ్. నొక్కకు, రుద్దకు. నొప్పి లేకపోవడం మంచిదే. కరగడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఈలోపు గట్టిగా తగిలినా కంగారు పడకు. ఆస్పత్రికి పరిగెత్తక్కర్లేదని వదినకి నా మాటగా చెప్పు.

నీ ఎలుకల డాక్టరు,
పిడికెడు

ఆగస్టు 3

డాక్టరమ్మకి,

నీ ఉత్తరం టీ వేళ మా వాళ్లందరికీ చదివి వినిపించాను. వడ్రంగి అయితే నోరు తెరిచేశాడు. ఒంట్లో కూడా పరంజా కడతారా, మరి ఒంట్లో సూపర్‌వైజరు ఎవరు అని అడిగాడు. రాసి కనుక్కుంటానన్నాను. ఇంటికొస్తే మీ వదిన వినను పొమ్మంటుంది, అయినా వినిపిస్తున్నాను.

తొడ సంగతి అడుగుతావేమో. నువ్వు రాసినట్టే జరుగుతోంది. నువ్వేం బెంగ పెట్టుకోకు.

రెండో అంతస్తు మెట్లు అయిపోయాయి. ఎక్కి దిగడం కాస్త కష్టంగా ఉంది కానీ, యాభై నాలుగేళ్లొచ్చాక ఎవరికైనా అంతే. వీలు చూసుకుని ఒకసారి రాకూడదూ? గడ్డని చూడ్డానికి కాదులే, నన్ను చూడ్డానికి.

నీ అన్నయ్య

ఆగస్టు 11

అన్నయ్యా,

కరిగిపోతోందన్నావు, ప్రాణం హాయిగా ఉంది. చెప్పానా లేదా? ఒంట్లో సూపర్‌వైజరు ఎవరో కనుక్కోవడానికే మాకు జీతాలిస్తున్నారని మీ వడ్రంగికి చెప్పు.

ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు. మా పరిశోధన వ్యాసం ఈ నెలాఖరుకి పంపాలి. గాయం మాన్చే ఈ ఏర్పాటునే కణితులు ఎలా దొంగిలిస్తాయన్నది విషయం. వాక్యం వాక్యానికీ మా పెద్దాయన ఎర్ర సిరా పోస్తున్నారు. అది పంపేసి వచ్చే నెల వస్తాను. ఒట్టు.

నీ పిడికెడు

సెప్టెంబరు 20

పిడికెడూ,

మంచి వార్త! నీ మేస్త్రీలు పరంజా ఎక్కేశారు.

వారం రోజులుగా చూస్తున్నా. తొడ మీద నీలంగా నరాలు తేలాయి, ఒకదాన్నుంచి ఒకటి కొమ్మలు వేసినట్టు. నువ్వు కొత్త నాళాలు వస్తాయన్నప్పుడు ఇంత కంటికి కనిపించేలా వస్తాయనుకోలేదు. చెయ్యి పెడితే అక్కడ వెచ్చగా ఉంది, రక్తం బాగా తెస్తున్నాయి కాబోలు. మీ వదిన చూసి ఏడుపు మొదలుపెట్టింది. నేను నీ ఉత్తరం తీసి వేలు పెట్టి మరీ చూపించాను, ఇదిగో, ఇలాగే రాసింది అని.

కాకపోతే గడ్డ కాస్త పెద్దదయింది. నువ్వు పుట్టినప్పుడు అమ్మ నిన్ను పిడికెడంత ఉందే అంది కదా, ఆ లెక్కన ఇది రెండు పిడికిళ్లు ఉంటుంది. అసలు ఎండలు మొదలైనప్పుడు స్నానం చేస్తుంటే చేతికి గోలీకాయంత తగిలింది. ఆ తర్వాత కదా కర్ర పడింది. అప్పుడే నీకు రాయాల్సింది, ఇంత చిన్నదానికి ఏం రాస్తాంలే అని ఊరుకున్నాను.

ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉన్నాను. మూడో అంతస్తులో ఆఖరి ఆరు మెట్లు వేరేవాడికి ఇచ్చారు. వాడు ఒక్కసారే కొలుస్తాడు.

ఒక్కటి మాత్రం నువ్వు రాయలేదు. పరంజా విప్పేది ఎప్పుడు? నువ్వు వస్తానన్న నెల ఇదే. వచ్చి నీ కళ్లతో చూసి చెప్పు.

నీ అన్నయ్య

సెప్టెంబరు 26

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. చదివి వదినకి ఫోన్ చేశాను. ఇవాళే నిన్ను పెద్దాస్పత్రికి తీసుకెళ్లమన్నాను. నీకు ఏం చెప్పి తీసుకెళుతుందో తెలియదు. ఏం చెప్పినా వెళ్లు. నా ఉత్తరం చూపించి అక్కడ వాదించకు. దయచేసి.

రేపు పొద్దున్న బయల్దేరుతున్నాను. ఇది చేరేసరికి నేను నీ దగ్గరే ఉంటాను, అయినా చేతులు ఊరుకోవడం లేదు. కర్ర పడకముందే ఉందా అన్నయ్యా? గోలీకాయంత? నీ జూన్ ఉత్తరం పెట్టెలోంచి తీసి మళ్లీ చదివాను. బల్ల మీద పెట్టాను. మళ్లీ చదివాను.

ఆ నరాల మీద చెయ్యి వెయ్యకు.

పిడికెడు

నవంబరు 4

పిడికెడూ,

ఇంటికి తెచ్చేశారు. ఎడమ కాలు తుంటి దగ్గర్నుంచీ తీసేశారన్న సంగతి నీకు తెలిసిందే. ఒకటే దిగులు, కొత్త చెప్పులు మొన్ననే కొన్నాను. ఎడమది ఎప్పటికీ కొత్తదే. గుండు దారం పట్టుకుని నుంచుంటే గోడ నిటారుగానే ఉంది, నేనే ఒరిగాను. నవ్వు. మీ వదిన నవ్వడం మానేసింది, ఉన్న ఒక్క శ్రోతవి నువ్వే.

నువ్వు ఇరవై రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు. మందులిచ్చావు, దుప్పటి సర్దావు, డాక్టర్లతో ఏవేవో మాట్లాడావు. నాతో మాత్రం ఒక్క మాట లేదు. నా చెవుడు వల్ల అనుకున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టాను, అదీ ముట్టుకోలేదు. వెళ్లేటప్పుడు నా మొహం కూడా చూడలేదు.

మంచం మీద పడుకుని ఆలోచిస్తే తెలిసింది. గోలీకాయంత ఉన్నప్పుడే చెప్పలేదని కదా నీ కోపం? ఇంత చదివిన చెల్లెలు ఉండి కూడా అన్న కాలు పోయిందంటే మీ ఆఫీసులో నీకెంత తలవంపులు! తప్పు నాదే. క్షమించు. చిన్నదానివి, నిన్ను అడగకూడని మాట, అయినా అడుగుతున్నాను. ఒక ముక్క రాయి.

అన్నయ్య

నవంబరు 12

అన్నయ్యా,

నువ్వు నన్ను క్షమించమన్న ఆ వాక్యం దగ్గర లేచి బయటికి వెళ్లిపోయాను. మెట్ల మీద కూర్చున్నాను. ఎవరో ఏమైందని అడిగితే కళ్లలో ఏదో పడిందన్నాను.

కోపం కాదు. నీ మొహం చూసే మొహం లేక.

నీ జూన్ ఉత్తరంలో "తొడలో గడ్డ ఉంది" అని రాశావు. ఉంది. నేను "కట్టింది" అని చదివాను. పైన కర్ర, కింద గడ్డ, మధ్యలో నా చదువు. రోజంతా గడ్డకట్టిన రక్తంతోనే బతికేదానికి ఇంకోటి తట్టలేదు. మా కాగితాల్లో అయితే దాన్ని కణితి అంటాం. నువ్వు కణితి అని రాసుంటే ఆ రోజే రైలెక్కేదాన్ని. కానీ ఇంట్లో ఎవరంటారు ఆ మాట? అమ్మకి మెడ మీద వచ్చిందాన్ని గడ్డే అన్నాం. నీకు అరికాలిలో చీము పట్టిందాన్ని గడ్డే అన్నాం. నేను పుట్టినప్పట్నుంచీ ఆ మాట నాకు తెలుసు. తెలిసీ ఒక్క ప్రశ్న అడగలేదు. దెబ్బకి ముందు ఉందా, తర్వాత వచ్చిందా? ఆ ఒక్కటి అడిగి ఉంటే నీ కాలు దక్కేదేమో. ఒకసారి ఎవరికైనా చూపించుకో అని రాసి ఉంటే చాలు. రాయకపోగా, వెళ్లొద్దన్నాను.

ఇది కూడా చెప్పాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. నేను నీకు గొప్పగా రాసిందాంట్లో అబద్ధం లేదు. కానీ అది సగమే. మిగతా సగం ఆ రోజుల్లో నా బల్ల మీదే ఉంది, ఆ వ్యాసంలో. అలాంటి గడ్డకి పెరగడానికి రక్తం కావాలి. అందుకని చుట్టూ ఉన్న నాళాలు కారేలా చేస్తుంది. కారిన దాన్ని అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది. లేని గాయానికి పరంజా కట్టిస్తుంది అన్నయ్యా. త్రాంబిన్ పాపం నిజంగా గాయమే అనుకుని నాళాల్ని పిలుస్తుంది. అవి వస్తాయి, దొంగకి అన్నం పెడతాయి. గాయమైతే ఏదో ఒక రోజు మానుతుంది, పరంజా విప్పుతారు. ఇది మానదు, విప్పరు. నువ్వు నాకు మంచి వార్త అని రాసిన నీలం నరాలు అవే. అవి చూసి నువ్వు సంతోషపడ్డావు. నేను చెప్పాననే సంతోషపడ్డావు.

నన్ను డాక్టరమ్మా అనకు. మొదట్లోనే గట్టిగా కాదనాల్సింది. గొప్పగా ఉండి ఊరుకున్నాను.

వదినకి నేనే చెబుతాను. వచ్చి ఎదురుగా నుంచుని చెబుతాను.

పిడికెడు

జనవరి 7

ఒసే పిచ్చి పిడికెడూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. ఊపిరి అందక పెన్ను మూడు వాక్యాలకోసారి దించాల్సొస్తోంది. ఊపిరితిత్తుల్లో గింజల్లా ఉన్నాయట, ఫొటోలో చూపించారు. దానికి తోడు ఇప్పుడు కుడి కాల్లో రక్తం గడ్డ కట్టింది. చూశావా, ఈసారి మాట సరిగ్గా రాశాను. పలచబడ్డానికి రోజూ పొట్టలో సూది పొడుస్తున్నారు. రక్తం పలచబడితే ఆ దొంగ పరంజా కూడా కూలుతుందా అని ఇక్కడి డాక్టర్ని అడిగాను. మేస్త్రిగారికి ఇవన్నీ ఎలా తెలుసు అని ఆశ్చర్యపోయాడు. మా చెల్లెలు చెప్పింది అన్నాను. ఇప్పటికీ అది చెప్పుకోవడం నాకు గొప్పగానే ఉంది, ఏం చేస్తావో చేసుకో.

నువ్వు గడ్డకి పేరు తప్పు పెట్టావు, అంతే. గడ్డని పెట్టింది నువ్వు కాదు. పునాది పడ్డాక మేస్త్రిని తిడితే ఏం లాభం? నాకు కోపం వస్తుందేమో అని నాలుగు రోజులు ఎదురుచూశాను కూడా. ఒకరోజు సాయంత్రం కాస్త వచ్చింది. చెప్పకుండా దాచడం ఎందుకు, వచ్చింది. కిటికీలోంచి వీధి చూస్తూ, ఇది నన్ను ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా అనుకున్నాను. తర్వాత నువ్వు హాస్టల్‌కి వెళుతూ బస్సు కిటికీలోంచి ఏడ్చిన మొహం గుర్తొచ్చింది. పోయింది కోపం.

ఇప్పుడు నేను చెప్పేది విను. మీ వదినతో ఏమీ చెప్పకు. నేను పోయాక దానికి నువ్వు, నీకు అది తప్ప ఎవరూ లేరు. నేను చదివి వినిపించినప్పుడు అది చెవిన పెట్టనేలేదు, ఇక నీ జూన్ ఉత్తరం పొయ్యిలో పెట్టేశాను. ఆ ఉత్తరం లేదు, నువ్వు రాయలేదు, నేను నిన్ను అడగలేదు. అడిగితే నువ్వూ అదే చెప్పు.

మొన్న నన్ను కుర్చీతో సహా బడికి మోసుకెళ్లారు. గంట కొట్టగానే పిల్లలందరూ ఒక్కసారి నా మెట్ల మీద దిగారు. కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టాను, ఈ చెవులకి వినపడవు కానీ నేల అదిరితే తెలుస్తుంది. రెండంతస్తుల్లో ఒక్కరూ తడబడలేదు. మూడోదాంట్లో ఆఖరి ఆరూ నావి కావు.

ఇక రాయలేను. తిట్టాలనిపిస్తే తిట్టి రాయి, తిట్ల ఉత్తరం వచ్చి చాలా రోజులైంది.

నీ అన్నయ్య

ఫిబ్రవరి 18

అన్నయ్యా,

నువ్వు పోయి పదకొండు రోజులు. నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఎక్కడికి పంపాలో తెలియదు, కానీ మనకి ఉత్తరాలే అచ్చొచ్చాయి అన్నావు కదా.

నీ మాట వినలేదు. వదినకి చెప్పేశాను. అంతా చెప్పాను, ఉంది, కట్టింది, అన్నీ. తను బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు. "నాకు తెలుసు. ఆ ఉత్తరం నాకు కంఠతా వచ్చు. వినను మొర్రో అంటున్నా మూడు నెలలు రోజూ వినిపించాడు మీ అన్నయ్య" అంది. బియ్యంలోంచి రాయి ఒకటి తీసి పక్కన పడేసి, "నా మాట వినకుండా నీ మాట విన్నాడు" అంది. తర్వాత లేచి వెళ్లి నీ పనిముట్ల సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అది నిన్న. ఇవాళ నాకు టీ ఇచ్చింది కానీ మాట్లాడలేదు. రేపు మాట్లాడుతుందో లేదో తెలియదు.

సంచిలో తాపీ ఉంది, రసమట్టం ఉంది, గుండు దారం చుట్టి ఉంది. దాని కింద నా జూన్ ఉత్తరం ఉంది. పొయ్యిలో పెట్టానన్నావు. నాకు రాసిన ఉత్తరాలన్నిట్లో నువ్వు ఆడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను.

అన్నయ్యా, ఆ కాగితాల మీద గుండ్రాలు గీసి ఉన్నాయి. నీ మేస్త్రీ పెన్సిల్‌తో, నా అక్షరాల మీదే. ఒక్కో గుండ్రం పక్కన తారీకు. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. వారం వారం కాగితం తొడ మీద పరిచి, గడ్డ ఎంత ఉందో చుట్టూ గీశావు. మెట్లకి కొలిచినట్టే. కరుగుతుందని నేను రాశాను కాబట్టి, ఎంత కరిగిందో నాకు కొలిచి చూపిద్దామని. మొదటిది నిమ్మకాయంత, త్రాంబిన్ అన్న మాట చుట్టూ. ఆగస్టు రెండున గీసింది ఎనిమిది వరుసల మీదుగా వెళ్లింది. ఆ మర్నాడే నాకు "నువ్వు రాసినట్టే జరుగుతోంది" అని రాశావు. పెరుగుతోందని నీకు తెలుసు. కొలిచి మరీ తెలుసుకున్నావు. నీ కొలతని కాదని నా మాట నమ్మావు. జన్మలో ఎవరి మాట మీదా కొలత మార్చనివాడివి.

ఆఖరిది సెప్టెంబరు పంతొమ్మిది. అది గుండ్రంగా లేదు, రెండు వైపులా కాగితం అంచు దాటిపోయింది. "కంగారు పడకు" అని నేను రాసింది దాని మధ్యలో పడింది. పక్కన నీ రాత, "కాగితం చాల్లేదు. చెల్లిని రమ్మనాలి."

నేను వస్తానని ఒట్టు వేసిన నెల అదే, అన్నయ్యా.

నీ పిడికెడు